రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఎవరి దగ్గర తీసుకుంటే మేలు?

కొర్లగుంట: అన్నా, వచ్చే నెల కారు ఇన్సూరెన్స్ రెన్యువల్. అందులోనే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ (బండి దారిలో ఆగిపోతే వచ్చి సాయం చేసేది) యాడ్-ఆన్‌గా, అంటే పాలసీకి అదనంగా వేసుకోమంటున్నారు. షోరూమ్ వాళ్లు వేరే ప్యాకేజీ చెప్తున్నారు. నెలకు రెండుసార్లు బెంగళూరు పోయొస్తా. ఏడేళ్ల బండి, ఆటోమేటిక్. ఏది మేలు?

గ్రీంస్‌పేట: రేటు తర్వాత చూద్దువు తమ్ముడూ. క్రేన్ యాడ నుంచి వస్తుందో, ఎన్ని కిలోమీటర్లు ఉచితమో ముందు అడుగు. పోయినేడు రాత్రి పదకొండుకు చిత్తూరు-పలమనేరు దారిలో మొగిలి ఘాట్‌లో నా బండి క్లచ్ పోయింది. వెనక చక్రాల కింద రెండు రాళ్లు పెట్టి, అమ్మను రెయిలింగ్ అవతల కూర్చోబెట్టినా. కాల్ సెంటర్ అమ్మాయేమో హిందీలో ల్యాండ్‌మార్క్ చెప్పమంటుంది. చీకట్లో కొండ, లారీలు తప్ప ఇంకేముండాది? చివరికి వాట్సాప్‌లో లొకేషన్ పంపితే బెంగళూరు నుంచి క్రేన్ బయల్దేరింది. అది వచ్చేసరికి మూడు. ఉచితం 25 కిలోమీటర్లేనంట, చిత్తూరు మెకానిక్ దాకా మిగతా దూరానికి చేతి డబ్బు కట్టినా. అమ్మ ఆ రాత్రంతా వణికిపోయింది, అది మాత్రం మరిచిపోలేను.

కాళహస్తి టీచర్: మీది ఆటోమేటిక్ కాబట్టి ఫ్లాట్‌బెడ్ (బండిని మొత్తం పైకెక్కించుకుని పోయే లారీ) అని కాగితంలో రాసుండాలి. నడిపే చక్రాలు నేలమీద దొర్లుతుండగా లాగితే గేర్‌బాక్స్ దెబ్బతింటుంది. బ్యాటరీ దిగిపోతే జంప్ స్టార్ట్ (వేరే బ్యాటరీకి వైర్లు కలిపి స్టార్ట్ చేయడం) వరకే వాళ్లది, కొత్త బ్యాటరీ ఖర్చు మనదే. ఏడాదికి ఎన్నిసార్లు వస్తారో కూడా చూసుకోండి, నా పాలసీలో నాలుగే. హైవే మీద ఆగితే 1033కి కూడా చెయ్యండి. జాతీయ రహదారుల వాళ్ల నంబరు అది. బండిని పక్కకు తీయిస్తారు, ఇంటిదాకా మాత్రం చేర్చరు.

గ్రీంస్‌పేట: తిరుమలకు ఎక్కువగా పోతావంటే, అలిపిరి గేటు దాటినాక కూడా వాళ్ల క్రేన్ వస్తుందా అని అడుగు.

కొర్లగుంట: ఇద్దరికీ ఫోన్ చేసినా. పలమనేరులో మీ క్రేన్ ఎవరిది అంటే షోరూమ్ వాళ్లు చెప్పలేకపోయినారు. ఇన్సూరెన్స్ వాళ్లు చిత్తూరు, పలమనేరు గ్యారేజీల పేర్లు, 50 కిలోమీటర్లు ఉచితం, ఫ్లాట్‌బెడ్ అని మెయిల్లో రాసిచ్చినారు. యాడ్-ఆనే తీసుకుంటా ఉండా. మెయిల్ ప్రింట్ బండిలోనే పెడతా.

గ్రీంస్‌పేట: మంచిది తమ్ముడూ. ఒక టార్చిలైటు, ఎర్ర రిఫ్లెక్టర్ త్రికోణం కూడా డిక్కీలో వేసుకో. ఆ రాత్రి నా దగ్గర రెండూ లేవు.