సాసాకీ, రాకర్ ఇంకా ప్రాస్పెక్టులేనా?

పాత స్కోరుబుక్కు:
2025 బేస్‌బాల్ సీజనుకు మన సభ్యులు కలిసి వేసే ప్రాస్పెక్టుల (ఎదగబోయే కుర్రాళ్ల) జాబితా మొదలుపెడుతున్నాను. కొలత పాతదే. మేజర్ లీగుల్లో (అమెరికా పైస్థాయి పోటీల్లో) 130 ఎట్‌బ్యాట్‌లు (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ వంతులు), పిచర్‌కు (బంతి విసిరేవాడికి) 50 ఇన్నింగ్స్, జట్టులో 45 రోజులు: ఏది దాటినా పేరు కొట్టివేస్తాం. ఈసారి ఒక్క మినహాయింపు. జపాన్ పిచర్ రోకి సాసాకీని చేర్చను. చిబా లోట్టె జట్టుకు నాలుగు సీజన్లు ఆడి, 2022లో 19 స్ట్రయికౌట్లతో పర్ఫెక్ట్ గేమ్ (ఒక్క బ్యాటరూ బేస్ చేరని ఆట) వేసినవాణ్ణి ఎదగబోయే కుర్రాడంటే ఎవరైనా నవ్వుతారు.

ఫ్రిస్కో మామయ్య:
కొలత చెప్పిన నోటితోనే మినహాయింపా? అతనికి 23 ఏళ్లు. డాడ్జర్స్ జట్టు ఇచ్చింది మైనర్ లీగ్ (కింది స్థాయి) ఒప్పందం, 65 లక్షల డాలర్ల బోనస్. విదేశాల నుంచి వచ్చేవాళ్లకు 25 నిండేదాకా బోనస్‌కు పరిమితి ఉంది. అప్పటిదాకా ఆగి ఉంటే ఏం వచ్చేదో, జపాన్ నుంచే వచ్చిన పిచర్ యమమోటోను చూడండి: 32.5 కోట్ల డాలర్లు. డబ్బు దగ్గర కుర్రాడు, జాబితా దగ్గర పెద్దమనిషా?

పాత స్కోరుబుక్కు:
2001లో జపాన్ బ్యాటర్ ఇచిరో కూడా ఇక్కడ రూకీయే, అంటే మేజర్ లీగుల్లో కొత్తవాడే. అప్పటికి 27 ఏళ్లు, జపాన్‌లో ఏడు బ్యాటింగ్ టైటిళ్లు. ఆ ఏడాదే ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) కూడా అయ్యాడు. రూకీ అనేది అవార్డు కోసం గీసుకున్న గీత. ప్రాస్పెక్ట్ సంగతి వేరు.

ఎడమచేతి వాటం:
మరి రేంజర్స్ పిచర్ కుమార్ రాకర్? నవంబరులో 25 నిండాయి.

ఫ్రిస్కో మామయ్య:
అతని జోలికి రాకండి. నిరుడు ఇక్కడ ఫ్రిస్కోలో డబుల్-ఎ (మైనర్ లీగుల్లో ఒక స్థాయి) మైదానంలో చూశాను. బుల్‌పెన్ (పిచర్లు ఆటకు ముందు బంతులు వేసి సిద్ధమయ్యే చోటు) ప్రేక్షకుల సీట్ల మధ్యే ఉంటుంది కదా, మా అబ్బాయి భుజానికి నాలుగడుగుల దూరంలో క్యాచర్ గ్లవ్ చప్పుడు. అతని స్లైడర్ బంతి బ్యాటర్ ముందున్న ప్లేటు దాకా తిన్నగా వచ్చి, ఎవరో కాలితో తన్నినట్లు పక్కకు పడిపోయేది. 2021 డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట) మెట్స్ జట్టు ఎంపిక చేసుకుని, వైద్య పరీక్షల తరువాత ఒప్పందం చేసుకోలేదు. 2022లో రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకుంది. 2023లో మోచేతికి టామీ జాన్ ఆపరేషన్. పోయిన సెప్టెంబరులో మేజర్ లీగులకు వచ్చి వేసింది 12 ఇన్నింగ్స్ కూడా లేదు. మంచం మీద గడిపిన ఏడాదిని వయసులో కలుపుతారా?

ఇన్నింగ్స్ లెక్క:
ఒక చిన్న సవరణ. గాయాల జాబితాలో ఉన్న రోజులు ఆ 45లో కలవవు.

ఫ్రిస్కో మామయ్య:
నేను అన్నది ఆ రోజుల గురించి కాదండీ.

ఇన్నింగ్స్ లెక్క:
ప్లేఆఫ్స్ (సీజను చివరి నాకౌట్ ఆటలు) కూడా ఆ లెక్కల్లో కలవవు. 2020లో అరోజరేనా ప్లేఆఫ్స్‌లోనే 10 హోమ్ రన్లు కొట్టి, 2021లో రూకీ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. ఎవాన్ కార్టర్ 2023 వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఆడి, 2024లో మళ్లీ ప్రాస్పెక్టుల జాబితాలకు ఎక్కాడు.

పాత స్కోరుబుక్కు:
అదే నేను చెప్పేది! వేలికి వరల్డ్ సిరీస్ విజేత ఉంగరం పెట్టుకుని తిరగగలవాడు ప్రాస్పెక్టట. ఈ లెక్కలో ఏదో తేడా ఉంది.

ఎడమచేతి వాటం:
అసలు విషయం నేను చెప్పనా? మన ఫాంటసీ లీగులో, ఈ జాబితాలో పేరున్నవాళ్లనే మైనర్ స్థానాల్లో దాచుకోవచ్చు. సాసాకీని మామయ్యగారు డిసెంబరులోనే తీసుకున్నారు. పేరు పోతే అసలు జట్టులోంచి ఒకరిని వదులుకోవాలి.

ఫ్రిస్కో మామయ్య:
దాచడానికేముంది, తీసుకున్నాను. నేను వదిలినవాణ్ణి ముందుగా ఎత్తుకునే హక్కు ఎవరిదో కూడా చెప్పండి. నిరుడు అట్టడుగున నిలిచిన స్కోరుబుక్కు గారిదే!

పాత స్కోరుబుక్కు:
మీరు వదిలినవాళ్లు నాకు అక్కరలేదు. వినండి. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు పనిచేసి, 34వ ఏట ఈ దేశం వచ్చాను. ఇంటర్వ్యూలో నా కాగితం చూసి, "ఇక్కడి అనుభవం ఎంత?" అన్నారు. సున్నా అన్నాను. నిన్నగాక మొన్న కాలేజీ నుంచి వచ్చిన పిల్లల పక్కన కూర్చోబెట్టి, వాళ్ల జీతమే ఇచ్చారు. జపాన్‌లో వేసిన ప్రతి బంతినీ మీరు సున్నా చేస్తుంటే ఒళ్లు మండుతుంది.

ఫ్రిస్కో మామయ్య:
సున్నా అని నేనెక్కడ అన్నానండీ? అక్కడ అంత బాగా వేశాడు కాబట్టే మొదటి స్థానం ఇమ్మంటున్నాను.

పాత స్కోరుబుక్కు:
కొత్తవాళ్ల వరసలో మొదటి స్థానం. నాకూ అదే ఇచ్చారు.

ఇన్నింగ్స్ లెక్క:
రాకర్‌వి 11 ఇన్నింగ్స్, రెండు అవుట్లు. వేసుకోనా, కొట్టేయనా?