“వీధి మాకు గోడ”నా, “విధియె మాకు గోడ”నా?

తాళ్ళరేవు చదువరి:
యానాంలో సిస్టర్ల బడిలో చదివిన మా పెద్దమ్మ నోట ఎప్పుడూ ఒక పాదం ఆడుతూ ఉండేది. ఇప్పుడు మిగిలింది ఇంతే: “... మాకు గోడ పేద గడప”. మొదటి మాట దగ్గర ఇంట్లో రెండు పక్షాలయ్యాం. అన్నయ్య “వీధి” అంటాడు. నాకు “విధియె” అని వినబడినట్టు గుర్తు. ఆటవెలది సరిపాదమని (రెండోదో నాలుగోదో) తెలుస్తూనే ఉంది. తక్కిన మూడు పాదాలు ఎవరికైనా నోటికి వచ్చునా?

గణవిభజన:
వీధి గలం (గురువు, లఘువు), విధియె నగణం (మూడు లఘువులు). రెండూ సూర్యగణాలే, సరిపాదంలో ఉండవలసినవి అవే. “వీధియె” అంటేనే భగణమై పాదం చెడుతుంది. యతి చూద్దామంటే నాలుగో గణం “పే”తో మొదలవుతోంది. దానితో వీకీ చెల్లుతుంది, వికీ చెల్లుతుంది. ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు, అర్థాన్నే పిలవాలి.

కోరంగి రేవు:
అర్థాన్ని పిలిస్తే వీధే వస్తుంది. 1633లో పారిస్‌లో లూయీజ్ ద మారియాక్‌తో కలిసి సేవా కన్యల సంఘాన్ని మొదలుపెట్టిన విన్సెంట్ ద పాల్ మాటే ఇది. రోగుల ఇళ్ళే మీ మఠం, అద్దెగదే మీ గది, విచారణ (పేరిష్) గుడే మీ ప్రార్థనాలయం, ఊరి వీధులే మీ మఠప్రాంగణం అని వాళ్ళకు నేర్పాడు. ఎవరో తెలుగు ఉపదేశి (మతపాఠాలు చెప్పేవాడు) దాన్ని పద్యంలోకి దించి ఉంటాడు. ఇందులో చర్చకు ఏముంది?

పాత పంతులు:
రేవు గారూ, వాక్యాన్ని మీకు కావలసిన చోట ఆపేశారు. తరువాత ఏముందో కూడా చెప్పండి. విధేయతే మీ ఆవరణ, దైవభీతే మీ కటకటాలు, అణకువే మీ ముసుగు. వీధుల పక్కన ఉన్నది ప్రాంగణం. గోడ స్థానంలో ఉన్నది విధేయత. పద్యంలో ఉన్న మాట “గోడ”. కనుక విధియె.

కోరంగి రేవు:
మాస్టారూ, విధేయతను విధి అని ఏ తెలుగువాడు అన్నాడు? విధి అనగానే మనకు నుదుటిరాత గుర్తుకు వస్తుంది, లేదా బ్రహ్మ. “విధియె మాకు గోడ” అంటే తలరాత అడ్డం వచ్చిందని ఏడ్చినట్టు ఉంటుంది. మాటపట్టు (దేవునికి చేసే వ్రతప్రమాణం) ఇచ్చి నవ్వుతూ వెళ్ళే ఆడవాళ్ళ నోట పెట్టే మాటేనా అది?

పాత పంతులు:
విధినిషేధాలు అన్నప్పుడు ఏ నుదుటిరాత కనిపించింది మీకు?

నరసాపురం అల్లిక:
ఇద్దరూ పారిస్‌లోనే తిరుగుతున్నారు. పెద్దమ్మ గారు చదివింది యానాంలో. 1849లో యానాంలో దిగినవారు విన్సెంట్ సంఘం వారు కారు, ఫ్రాన్సులోని అన్నెసీ జోజప్ప కన్యలు (సెయింట్ జోసెఫ్ సిస్టర్లు). వాళ్ళ మూలం ల పుయ్ అనే కొండ ఊరు. 1650లో మెదాయ్ అనే యేసుసభ (జెసూట్) గురువు పురమాయించగా ఆరుగురు స్త్రీలు అక్కడ ఒక్కచోట చేరారు. మేత్రాణులు (బిషప్పు) హెన్రీ ద మోపా వాళ్ళకు అనాథల ఆశ్రమం అప్పగించారు. పట్టణాన్ని పేటలుగా పంచుకుని ఇంటింటికీ వెళ్ళేవారు. పొట్టకూటికి ఏం చేసేవారనుకున్నారు? లేసు అల్లేవారు! ల పుయ్ నుంచి యానాం, యానాం నుంచి మా నరసాపురం. దారం ఎటు నుంచి ఎటు వచ్చిందో ఇక చెప్పాలా?

గణవిభజన:
చెప్పాలి. నరసాపురం లేసును నేర్పింది స్కాట్లండు నుంచి వచ్చిన ప్రొటెస్టెంటు మిషనరీ దంపతులు. మీ కన్యలు యానాంలో దిగక ముందే ఆ పని మొదలైందని చెబుతారు. రెండు చోట్లా లేసు ఉన్నంత మాత్రాన చుట్టరికం కలుస్తుందా? పైగా ల పుయ్ వారిది దిండు మీద కండెలతో అల్లే లేసు, మీది కొక్కెం సూదితో అల్లేది.

నరసాపురం అల్లిక:
సూది వేరు కావచ్చు, ఓపిక ఒకటే.

మఠం పక్కిల్లు:
లేసు సంగతి ఏమైనా, సంఘం మార్చడం వల్ల అసలు ప్రశ్నకు మేలే జరిగింది. గోడ అన్న మాట ఆ కాలంలో ఎంత బరువైనదో చూడండి. ట్రెంట్ మహాసభ, దాని వెనకే 1566లో అయిదో పయస్ పాపుగారి శాసనం, రెండూ కన్యస్త్రీ అంటే గోడ లోపలే ఉండాలని కట్టడి చేశాయి. 1610లో అదే అన్నెసీలో ఫ్రాన్సిస్ ద సాల్, జాన్ ద షాంతాల్ కలిసి పెట్టిన సంఘం పేరే సందర్శన సంఘం. రోగుల ఇళ్ళకు వెళ్ళి చూసి రావడం వాళ్ళ పనుల్లో ఒకటి. లియోన్ అగ్రపీఠాధిపతి పట్టుపట్టడంతో ఎనిమిదేళ్ళకే వాళ్ళూ గోడ వెనక్కి వెళ్ళవలసి వచ్చింది. విన్సెంట్ అది చూసి జాగ్రత్తపడ్డాడు. తన వాళ్ళను మఠకన్యలని పిలవనివ్వలేదు. ఏటేటా కొత్తగా చేసే మాటపట్టు పెట్టాడు. మెదాయ్ ఆరుగురూ ఆ సందులోంచే బయటపడ్డారు. కాబట్టి ఈ పాదం ఎవరు రాసినా, గోడ లేదని గర్వంగా చెప్పుకునే పాదమే అవుతుంది. నా ఓటు వీధికే.

పాత పంతులు:
గోడ లేదని చెప్పేవాడు “మాకు గోడ” అని ఎందుకు అంటాడమ్మా?

మఠం పక్కిల్లు:
రూపకం మాస్టారూ! మీరే ఒకప్పుడు నేర్పారు.

కోరంగి రేవు:
వీధి పక్షానికి మరో సాక్ష్యం. విన్సెంట్ సంఘంలో మొదటి కన్యగా చెప్పుకునే మార్గరీత్ నాసో సురేన్ ఊరిలో పశువులు కాసుకునే పిల్ల. ఒక అక్షరమాల కొనుక్కుని, దారిన పోయేవారిని ఆపి ఇది ఏ అక్షరం, అది ఏ అక్షరం అని అడిగి చదువు నేర్చుకుంది. తరువాత ఊరూరా తిరిగి ఆడపిల్లలకు చెప్పింది. సంఘం నిలదొక్కుకున్న 1633లోనే ప్లేగు రోగికి తన పడక ఇచ్చి తానూ పోయింది. మన మాటలో చెప్పాలంటే ఆమెది అచ్చమైన వీధిబడి. విధిబడి అని ఎక్కడైనా విన్నారా?

గణవిభజన:
ఇది వాదం కాదు, శ్లేష. అయినా బాగుంది.

ఎదుర్లంక పడవ:
యానాం అనగానే నాకు కన్యస్త్రీల కన్నా ముందు చెళ్లపిళ్ల వారే గుర్తుకు వస్తారు. కడియంలో పుట్టినా యానాంలో పెరిగారు. కుర్రతనంలో ఊరి దేవుడు మీసాల వేంకన్న మీద శతకం చెబితే, ఊరి పండితులు వ్యాకరణ దోషాలు ఏరి చేతికిచ్చారు. ఆ పౌరుషంతోనే వ్యాకరణం చదవాలని కాశీ ప్రయాణం తలపెట్టారు. తరువాత చర్ల బ్రహ్మయ్య శాస్త్రి గారి దగ్గర చేరడం, అక్కడ దివాకర్ల వారు తోడు కావడం మీకందరికీ తెలిసిందే. అంటే తిరుపతి వేంకట కవులనే జంటకవులు పుట్టడానికి యానాం పండితుల ఈ రకమైన అక్షరాల పేచీయే కారణం! ఈ పాదం కూడా ఆ గాలి తగిలిన ఎవరో శిష్యుడిదే అయి ఉంటుంది. క్రైస్తవ బడిలో తెలుగు చెప్పిన పంతులు ఆటవెలది చెప్పలేడా?

పాత పంతులు:
చెళ్లపిళ్ల వారి గాలి తగిలినవాడు “మాకు గోడ” అని చప్పగా వదలడు. కనీసం ప్రాకారమైనా కడతాడు.

ఎదుర్లంక పడవ:
ఆటవెలది సరిపాదంలో ప్రాకారానికి చోటెక్కడిది మాస్టారూ? మొదటి రెండూ గురువులే.

తాళ్ళరేవు చదువరి:
పెద్దలందరికీ నమస్కారం. తక్కిన మూడు పాదాలు...?

నరసాపురం అల్లిక:
వస్తాయి, ఉండండి. పంతులు గారి విధి పక్షానికి నేనొక మాట సాయం చేస్తాను. ఫ్రెంచి విప్లవంలో జోజప్ప కన్యల ఇళ్ళన్నీ మూతపడ్డాయి. కొందరిని గిలటిన్‌కు పంపారు. మదర్ సెయింట్ జాన్ ఫోంబోన్ చెరసాలలో ఉండగా 1794లో రోబెస్పియర్ పడిపోవడంతో బతికి బయటపడింది. 1807లో సెంత్ ఎత్యెన్‌లో కొద్దిమంది ఆడపిల్లలతో మళ్ళీ మొదలుపెట్టింది. ఆ కొమ్మ నుంచే 1833లో అన్నెసీ వేరుపడింది, పదహారేళ్ళకు యానాం దాకా పాకింది. చెరసాల గోడ లోపల కూర్చున్నవారి సంతతి “విధియె మాకు గోడ” అంటే, మీరు వెక్కిరించిన ఆ నుదుటిరాత అర్థం కూడా అతుకుతుంది.

కోరంగి రేవు:
అల్లిక గారూ, మీరు నిన్న లేసు అన్నారు, ఇవాళ గిలటిన్ అంటున్నారు. ఏదో ఒక కొసన నిలబడండి.

గణవిభజన:
మొదటి మాట మీద ఇంత కొట్టుకుంటున్నారు గానీ, నాలుగో గణం దగ్గర సంధిని ఎవరూ పరీక్షించలేదు. “గోడ” ప్రథమాంతం, దాని మీద పరుషం. గసడదవాదేశం (క చ ట త పలకు గ స డ ద వలు రావడం) చేస్తే “గోడ వేద గడప” అవుతుంది. వీ–వే, ఇంతకన్నా నిక్కమైన యతి ఉండదు. రాసినవాడు వ్యాకరణం తెలిసినవాడైతే అక్కడ “వేద” అనే ఉండాలి.

మఠం పక్కిల్లు:
జోజప్ప కన్యల పద్యంలో వేద గడపా! వినేవాళ్ళు ఏమనుకుంటారు?

పాత పంతులు:
ఆదేశం బహుళం. చేయకపోయినా తప్పు లేదు. “పేద”ను అలాగే ఉంచండి.

ఎదుర్లంక పడవ:
బహుళమంటే చేసినా తప్పు లేదు కదా మాస్టారూ. చదువరి గారూ, మీ పెద్దమ్మ గారు “పే” అనేవారా, “వే” అనేవారా?

తాళ్ళరేవు చదువరి:
అన్నయ్యను అడిగాను. “పే”నే అంటున్నాడు. వదిన మాత్రం “వే” అని పట్టుబట్టింది.