న్యూజెర్సీలోని మా వాళ్ల హోటల్‌కు ఇమిగ్రేషన్ అధికారులు వస్తే ఏం చేయాలి?

ప్రశ్న – శ్రీకాకుళం
నమస్కారమండి. మా బావగారు న్యూజెర్సీలో చిన్న హోటల్ నడుపుతున్నారు. అక్కడి జీతాల లెక్కలు, పనివాళ్ల కాగితాలు నేను శ్రీకాకుళం నుంచే చూస్తుంటాను. అందరికీ పని అనుమతి ఉంది, అయినా ఐస్ (అమెరికా ఇమిగ్రేషన్ చట్టాలను అమలు చేసే సంస్థ) అధికారులు వస్తారేమోనన్న భయంతో వంటగదిలోని వారు సరిగా పనికి రావడం లేదని అక్క బాధపడుతోంది. అధికారులు వచ్చినప్పుడు ఎవరు మాట్లాడాలో, ఎంతవరకు రానివ్వాలో ముందుగానే రాసి పెట్టాలనుకుంటున్నాను. తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు – విజయనగరం
కస్టమర్లు కూర్చునే హాలు అందరికీ తెరిచి ఉండే చోటు కనుక అధికారులు అక్కడికి ఎవరినీ అడగకుండానే రావచ్చు. వంటగది, సరుకుల గది, ఆఫీసు గది అలా కాదు. అత్యవసర పరిస్థితి ఏదైనా ఉంటే తప్ప, వాటిలోకి రావడానికి యజమాని ఒప్పుకోలైనా ఉండాలి, జడ్జి సంతకం చేసిన వారంటైనా ఉండాలి. అందుకే వంటగది తలుపు మీద ‘సిబ్బందికి మాత్రమే’ అన్న బోర్డు ఇవాళే పెట్టించండి.

వారంటు చేతికి ఇస్తే ముందు పైభాగం, తర్వాత సంతకం చూడాలి. పైన కోర్టు పేరు, కింద జడ్జి సంతకం, మీ హోటల్ చిరునామా ఉంటే దానికి కట్టుబడి, అందులో రాసిన చోట్ల వరకు రానివ్వాలి. పైన హోంలాండ్ సెక్యూరిటీ శాఖ పేరు, కింద ఇమిగ్రేషన్ అధికారి సంతకం ఉండే ఐ-200, ఐ-205 కాగితాలు ఒక వ్యక్తిని పట్టుకోవడానికే తప్ప, మీ వంటగదిలోకి రావడానికి అధికారం ఇవ్వవు. ఈ తేడా బావగారి కంటే కౌంటరులో ఉండే మనిషికి బాగా తెలియాలి, ఎందుకంటే అధికారులు మొదట పలకరించేది ఆ మనిషినే. “లోపలికి అనుమతించే అధికారం నాకు లేదు, యజమానిని పిలుస్తాను” అన్న ఒక్క మాట అలవాటు చేయించి, యజమాని, లాయరు నంబర్లు గల్లా పక్కన అంటించండి.

అయినా అధికారులు లోపలికి వెళ్తే అడ్డుపడకూడదు. ఒప్పుకోవడం లేదని చెప్పి, జరిగినది రాసుకోవాలి. మనుషులను దాచడం, అబద్ధం చెప్పడం, కాగితాలు చించడం కేసుల దాకా తీసుకుపోతాయి. మౌనంగా ఉండే హక్కు పనివాళ్లకు ఉంది, కానీ మాట్లాడవద్దని యజమాని వారిని ఆదేశించకూడదు.

జవాబు – బొబ్బిలి
వారంటు సంగతి పైవారు చక్కగా చెప్పారు. నా దృష్టిలో చిన్న హోటళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఐ-9 ఫారాల దగ్గర, అంటే ఉద్యోగి ఎవరో, పని అనుమతి ఉందో లేదో పత్రాలు చూసి నింపే ఫారాల దగ్గర. 1986 చట్టం నుంచి ప్రతి కొత్త ఉద్యోగికీ ఇది తప్పనిసరి. మొదటి భాగాన్ని ఉద్యోగి పనిలో చేరిన రోజుకల్లా నింపాలి, రెండో భాగాన్ని యజమాని 3 పనిదినాల్లో పూర్తి చేయాలి. మానేసిన వారి ఫారాలను కూడా చేరిన తేదీ నుంచి 3 ఏళ్లు, మానేసిన తేదీ నుంచి 1 ఏడాది, వీటిలో ఏది తర్వాత వస్తే అంతవరకు ఉంచాలి. తనిఖీ నోటీసు వస్తే ఫారాలు అప్పగించడానికి కనీసం 3 పనిదినాల గడువు ఉంటుంది కనుక, నోటీసు తెచ్చిన క్షణంలోనే కంగారుపడి ఫైలంతా ఇచ్చేయవద్దు.

మీరు శ్రీకాకుళంలో వాట్సాప్ ఫొటోలు చూసి రెండో భాగం నింపుతున్నారా? అలాగైతే వెంటనే ఆపండి. అసలు పత్రాలను ఉద్యోగి ఎదుటే పరిశీలించాలి. వీడియోలో చూసే వీలు 2023 ఆగస్టు నుంచి ఈ-వెరిఫైలో (పని అనుమతిని ఆన్‌లైన్‌లో సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) చేరిన సంస్థలకే ఉంది. పాత ఫారాల్లో తప్పులుంటే గీత కొట్టి, సరైనది రాసి, పొడి అక్షరాలతో పాటు దిద్దిన రోజు తేదీనే వేయాలి.

ప్రశ్న అడిగినవారు – శ్రీకాకుళం
ఫొటోలు చూసే నింపుతున్నామండి. అసలు పత్రాలను అక్కే దగ్గరుండి చూసి సంతకం చేస్తే సరిపోతుందా?

జవాబు – బొబ్బిలి
సరిపోతుందమ్మా. యజమాని తన తరఫున ఎవరినైనా నియమించవచ్చు, అయితే వారి తప్పులకు బాధ్యత యజమానిదే. ఏ పత్రం చూపాలో మాత్రం అక్క నిర్ణయించకూడదు. ఐ-9కి చెల్లే పత్రాల జాబితాలో ఉన్నవాటిలో ఉద్యోగి ఇష్టపడి తెచ్చినదే తీసుకోవాలి. పాతవారి ఫారాలను ఎలా సరిదిద్దాలో అక్కడి లాయరుతో ఈ వారమే మాట్లాడండి.