‘నూనూగు’లో మొదటి ‘నూ’ ఎక్కడిది?

(విశాఖలో కొందరి మధ్య సాగిన చర్చ. మాట్లాడినవారి పేర్లకు బదులు వారుండే చోట్ల పేర్లు ఉన్నాయి.)

సీతమ్మధార: ఆదివారం డిగ్రీ విద్యార్థులకు ‘లేడీ బర్డ్’ (2017) సినిమా చూపిస్తున్నాం, దానికి ఒక పత్రం కూడా వేస్తున్నాం. పదిహేడేళ్ల వయసు పడే తికమకలను నవ్విస్తూ చెప్పే ఇలాంటి సినిమాలకు తెలుగు పేరు వెతుకుతుంటే, శ్రీనాథుడి సీసపాదం నాలుక మీదికి వచ్చి సగంలో ఆగింది. ‘నూనూగు మీసాల నూత్నయౌవనమున శాలివాహన సప్తశతి’... తర్వాత నుడివితియా, నొడివితియా? ‘నూనూగు మీసాల సినిమాలు’ అనవచ్చా?

భీమిలి: నొడివితి. కాశీఖండం అవతారిక (పీఠిక) లోది. ఛందస్సు మాత్రం తేల్చదు. ఎలా చదివినా చివర రెండు నగణాలే (మూడేసి లఘువులే). నన్ను ఏళ్లుగా వేధిస్తున్నది ‘నూనూగు’. నును, నూగు కలిసిందని బడిలో చెప్పారు. అలాగైతే ‘నునునూగు’ అనే వేయవచ్చు కదా! అదీ సీసంలో చెల్లే సలగణమే, యతి కూడా చెడదు. ‘నూనూగు’ అని ఆయన తగణమే ఎందుకు వేశాడు?

ఎంవీపీ కాలనీ: నూగు నూగు అని రెండుసార్లు పలికిన ఆమ్రేడితమే కుదించుకుపోయిందండీ. రైతుబజారులో లేత ఆనపకాయ మీద బొటనవేలు రాసి చూడండి. తగిలీ తగలనట్టు సన్నగా గరగరలాడుతుంది, అదే నూగు. కాయ ముదిరితే నూగు రాలి తొక్క నున్నబడుతుంది. నూగున్న చోట నునుపుండదు. ఆ రెంటినీ ఎలా కలుపుతారు?

భీమిలి: కడ కడ కట్టకడ, నడుమ నడుమ నట్టనడుమ అయినట్టు మారే మాటలకు వ్యాకరణంలో జాబితా ఉంది, కడాదులు అని. నూగు ఆ జాబితాలో లేదు. మొదటి అక్షరం ఒక్కటే మిగిలే ఆమ్రేడితం ఇంకొకటి చూపించండి, ఒప్పుకుంటాను.

గాజువాక: నువ్వు, నెయ్యి కలిసి నూనె అయింది. ఇక్కడి ‘నూ’ కూడా నువ్వే. నువ్వుపువ్వు మీద సన్నని నూగుంటుంది. కవులు ముక్కును ఆ పువ్వుతోనూ పోలుస్తారు. దాని కిందనే కదా మీసం!

అక్కయ్యపాలెం: అందరూ మీసం దగ్గరే ఆగిపోయారు. ‘లేడీ బర్డ్’ కథానాయిక శాక్రమెంటోలో చదువుకునే అమ్మాయి. కన్నవాళ్లు పెట్టిన క్రిస్టీన్ అనే పేరు వద్దని ‘లేడీ బర్డ్’ అని తానే పెట్టుకుంది. ఆమె కథకు మీసాల పేరా? ‘ఈడేరడం’ అంటే చూపు ఒంటి మీదికి పోతుంది, ‘నూగారు’ (పొట్ట మీది సన్నని రోమాల బారు) అంటే ప్రబంధంలోకి. అదే పద్యంలో ఇంకోటి చూడండి. లేతవయసుకు ‘నూత్నయౌవనం’ అన్నాడు, నైషధం రాసిన వయసుకు ‘నిండు జవ్వనం’ అన్నాడు. మాట ఒక్కటే. కొత్తగా వచ్చినప్పుడు సంస్కృతం, ఒంటికి అలవాటయ్యాక తెలుగు. పదిహేడేళ్ల తికమక అంతా నాకు ఆ తేడాలోనే కనిపిస్తుంది.

భీమిలి: ఎంత బాగా చెప్పారమ్మా! నలభై ఏళ్లుగా చదువుతున్నాను, నాకు తట్టలేదు. ఆ వయసులో ఆయన రాసిన సప్తశతే మనకు దక్కలేదు. చిరుతకూకటినాటి, అంటే పసితనపు, మరుత్తరాట్చరిత్రా పోయింది. నైషధం చేతికి తీసుకున్నప్పుడల్లా ఆ రెండూ గుర్తొస్తాయి.

గాజువాక: ఆయన తన వయసులను పుస్తకాలతో కొలిచాడు. మన ఊరి ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) ప్రేమలతో కొలిచింది, బడిపిల్లవాడు సుందరం దగ్గర మొదలుపెట్టి.

సీతమ్మధార: పత్రం రేపు అచ్చుకు వెళ్తుంది. ‘నూత్నయౌవనం’ అని రాశాను. పద్యం కూడా వేస్తున్నాను కనుక నొడివితి సంగతి ఇంకెవరైనా చెప్పండి.

ఎంవీపీ కాలనీ: నునుపు, నూగు పొసగవన్న నా మాటకు ఇంకా జవాబు రాలేదు. ఇంట్లో లేత ఆనపకాయ ఉన్నవారు వేలు రాసి చెప్పండి.