సర్వ్ వేసేటప్పుడు చెయ్యి చూడాలా, కాక్ చూడాలా?

ప్రశ్న (తిరుపతి): మా పాప బ్యాడ్మింటన్ నేర్చుకుంటా ఉంది, కోచ్ సార్ ప్రతి సర్వ్‌కీ మణికట్టు ఇట్లా, మోచెయ్యి అట్లా అని చెప్తానే ఉంటారు, పాప బిగుసుకుపోయి కాక్ నెట్‌కే కొడతా ఉంది. ఏం చేయాలి?

జవాబు: అక్కా, ధ్యాస చెయ్యి మీద వద్దు, కాక్ ఎక్కడ పడాలో అక్కడ పెట్టమనండి. 1998లో గాబ్రియేలె వుల్ఫ్ అనే పరిశోధకురాలు వాళ్లు స్కీ సిమ్యులేటర్ (మంచు మీద జారే ఆటలా అటూ ఇటూ కదిలే యంత్రం) మీద చూశారు, పాదాల మీద కాకుండా వాటి కింద చక్రాల మీద ధ్యాస పెట్టినోళ్లే బాగా నేర్చుకున్నారు.

జవాబు: ప్రతిసారీ చెప్తే పిల్లలు తమంతట తాము తప్పు పట్టుకోలేరు. పాప అడిగినప్పుడు మాత్రమే కోచ్ సార్‌ని చెప్పమనండి, అదీ బాగా పడిన సర్వ్ గురించే ఎక్కువ, ఉత్సాహం దానంతటదే వస్తుంది.

జవాబు (చిత్తూరు): నిజమే, కానీ కొత్తలో రాకెట్ పట్టుకోడం మాత్రం చేత్తో పట్టి చూపించాల్సిందే.