వేరే జాతి బిడ్డను పెంచుకుంటే ప్రేమ ఒక్కటీ సరిపోతుందా?

తూనీగ:
తెల్లజాతి దంపతులు నల్లజాతి పాపనో కొరియా బాబునో దత్తత తీసుకుంటే, ఆ పిల్లలు పెద్దయ్యాక ఎటూ చెందకుండా పోతారని, అసలు అలాంటి దత్తతలే వద్దని ఒక స్నేహితుడి వాదన. నాకైతే ఇది కడుపు నిండిన బేరంలా ఉంది. బిడ్డకు ముందు కావాల్సింది ఇల్లు, అమ్మానాన్న. అమెరికాలో రీటా సైమన్, హోవర్డ్ ఆల్ట్‌స్టైన్ అనే పరిశోధకులు 1970ల మొదట్లో ఇలాంటి కుటుంబాలను ఎంచుకుని ఏళ్ల తరబడి గమనించారు. పిల్లల్లో ఎక్కువమంది బాగానే పెరిగారని తేల్చారు. ఇంకా గొడవెందుకు?

ఏటిగట్టు:
తల్లి చెయ్యి పట్టుకుని నడిచినన్నాళ్లూ తల్లి రంగే బిడ్డకు గొడుగండి. షాపులో ఎవరూ అనుమానంగా చూడరు. అదే పిల్లాడు పదహారేళ్లకు ఒక్కడే వెళ్తే సెక్యూరిటీ గార్డు వెంటే తిరుగుతాడు. ఇంటికొచ్చి చెబితే అమ్మ ఏమంటుంది? "నువ్వే ఏదో ఊహించుకున్నావేమో కన్నా" అంటుంది. పాపం, ఆవిడకు అలా ఎప్పుడూ జరగలేదు మరి.

1972లో అమెరికాలోని నల్లజాతి సామాజిక కార్యకర్తల జాతీయ సంఘం ఈ దత్తతలను గట్టిగా వ్యతిరేకించింది. వాళ్లను మొండివాళ్లని కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ. కానీ వివక్ష రుచి ఎరగనివాళ్లు, దాన్ని తట్టుకోవడం బిడ్డకెలా నేర్పుతారన్న వాళ్ల ప్రశ్నకు సూటిగా జవాబిచ్చినవాళ్లు తక్కువ.

లాపాయింట్:
చట్టం సంగతి కూడా చూడండి. అమెరికాలో 1994లో ఒక చట్టం తెచ్చి 1996లో దాన్ని ఇంకా బిగించారు. ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ) నిధులు తీసుకునే దత్తత ఏజెన్సీ ఏదీ జాతి కారణంగా దత్తతను ఆపకూడదు, ఆలస్యం చెయ్యకూడదు. అదే చట్టంలో ఇంకో సగం ఉంది: ఎదురుచూస్తున్న పిల్లల జాతులకు చెందిన కుటుంబాలను కూడా రాష్ట్రాలు గట్టిగా వెతకాలి. మొదటి సగం అందరికీ కంఠతా వచ్చు, రెండోదాన్ని పట్టించుకునే నాథుడు లేడు.

అక్కడి ఆదివాసీ తెగల పిల్లలది మాత్రం పూర్తిగా వేరే దారి. 1978 చట్టం ప్రకారం దత్తతలో మొదటి ప్రాధాన్యం బంధువులకు, తర్వాత సొంత తెగకు, ఆ తర్వాత వేరే తెగలవాళ్లకు. 2023లో సుప్రీంకోర్టు 7-2తో దాన్ని నిలబెట్టింది. ఇది జాతి వివక్ష కాదా అన్న ప్రశ్న జోలికి మాత్రం పోలేదు. అది అడిగే అర్హత ఆ చట్టం మీద కేసు వేసినవాళ్లకు లేదని పక్కన పెట్టేసింది.

తూనీగ:
సరే, ఒప్పుకుంటాను, ప్రశ్న చిన్నది కాదు. కానీ సొంత జాతి కుటుంబం దొరికేదాకా బిడ్డ ఒక ఫోస్టర్ (తాత్కాలికంగా పెంచే) ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతూ ఉండాలా? దానివల్ల గాయం కాదా?

గోరింట:
ఉండక్కర్లేదు. దత్తత ఆపాలా వద్దా అన్న దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. నాకు తెలిసిన ఒక తెల్లజాతి ఆవిడ నల్లజాతి పాపను పెంచుకుంటోంది. మొదట్లో తన జుట్టులాగే రోజూ షాంపూ పెట్టేది. పాప జుట్టు ఎండిపోయి, దువ్వెన పెడితే చాలు పుటుక్కున తెగేది. చివరికి నల్లజాతివాళ్లు నడిపే సెలూన్‌కు తీసుకెళ్లింది. జడలు అల్లడానికి గంటలు పడుతుంది. అంతసేపూ ఆ గదిలో తెల్లమనిషి తనొక్కతే. ఎక్కడ కూర్చోవాలో, ఏం మాట్లాడాలో తెలియక మొదటిరోజు తెగ టెన్షన్ పడిందట. పాప మాత్రం పెద్దవాళ్ల కబుర్లు వింటూ హాయిగా కూర్చుంది.

ఆ ఇబ్బంది ఎవరు పడాలన్నదే నా ప్రశ్న. బడిలో, వీధిలో, పెళ్లిళ్లలో తనలాంటి ముఖం ఒక్కటీ లేకుండా బిడ్డ పెరగాలా, లేక పెద్దవాళ్లే ఇల్లు, బడి, స్నేహాలు మార్చుకోవాలా? ఏడాదికోసారి పండగ చేసి, గోడకు రెండు బొమ్మలు తగిలిస్తే సరిపోదు.

దక్షిణ కొరియా పిల్లలది ఇంకో బాధ. 1950ల నుంచి దాదాపు 2 లక్షలమందిని విదేశాలకు దత్తత పంపారు. తల్లిదండ్రులు బతికున్న పిల్లలను కూడా అనాథలుగా రాసిన సంగతి 2025లో ఆ దేశపు సత్యశోధన కమిషనే బయటపెట్టింది. పెంచినవాళ్లు ఎంత మంచివాళ్లయినా, కాగితమే అబద్ధమైతే ఆ మనిషి తన మూలాలు ఎక్కడని వెతుక్కోవాలి?

తూనీగ:
ఇల్లు మారడం అందరివల్లా అవుతుందా గోరింట గారూ?

గోరింట:
కాదు. తమవల్ల కానివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి, ఏజెన్సీ కూడా ముందే అడగాలి.

లాపాయింట్:
అక్కడే చిక్కు. వేరే జాతి బిడ్డను తీసుకునేవాళ్లకు మాత్రమే అదనపు శిక్షణ పెడితే అదీ వివక్షే అవుతుందేమో అని అమెరికా ఏజెన్సీలకు భయం. దత్తతకు వచ్చే అందరికీ ఒకే శిక్షణ పెడితే ఆ పేచీ ఉండదు. ఖర్చు పెరుగుతుంది, అంతే.

ఏటిగట్టు:
పెరగనివ్వండి. ఆ తరగతుల్లో పాఠం చెప్పేది మాత్రం అలా పెరిగి పెద్దయినవాళ్లే కావాలి.