టెస్టుల్లో తలా ఒక మాడ్యూల్ వాడేశారు, అన్నీ ఒక పద్ధతికి తేవడం ఎలా?

పాతకోడ్_3.9:
అందరికీ నమస్తే. మాది ఏడెనిమిదేళ్ళ పైథాన్ ప్రాజెక్ట్, చాలా చేతులు మారింది. ఇప్పుడు 3.9 నుంచి 3.12కి వెళ్తున్నాం, యాప్ కోడ్ రెండ్రోజుల్లో అయిపోయింది గానీ టెస్టుల దగ్గర ఇరుక్కుపోయాం. టెస్టులు రాసి నడిపే టూల్స్ చూస్తే కొన్ని ఫైళ్ళలో నోస్, కొన్నిట్లో యూనిట్‌టెస్ట్, కొత్తగా వచ్చినవాళ్ళేమో పైటెస్ట్. మాక్ (టెస్టులో అసలు ఆబ్జెక్ట్ బదులు నకిలీది పెట్టే లైబ్రరీ) కూడా సగం చోట్ల విడిగా ఇన్‌స్టాల్ చేసింది, సగం చోట్ల పైథాన్‌తో వచ్చేది. ఏ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చెయ్యాలో రాసే రిక్వైర్‌మెంట్స్ ఫైళ్ళు నాలుగున్నాయి, ఏది అసలుదో ఎవరూ చెప్పలేకపోతున్నారు. నా ల్యాప్‌టాప్‌లో పాస్ అయ్యేవి సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు తనంతట తానే నడిపే చోట) పోతున్నాయి. మొత్తం తిరగరాసే టైమ్ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

గోదారిగట్టు:
ముందు నోస్ తీసెయ్యండి, దాని చివరి రిలీజ్ 2015లో వచ్చింది, అది వాడే ఇంప్ అనే పైథాన్ మాడ్యూల్‌ని 3.12లో తీసేశారు కాబట్టి ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోతుంది. యూనిట్‌టెస్ట్ వాటి జోలికి మాత్రం వెళ్ళకండి, టెస్ట్‌కేస్ క్లాసుల్ని పైటెస్ట్ ఉన్నవి ఉన్నట్టే నడిపిస్తుంది. అసర్ట్ ఈక్వల్స్ అని చివర ఎస్ ఉన్నదాని లాంటి కొన్ని పాత పేర్లు 3.12లో లేవు, వాటిని వెతికి మార్చుకోండి చాలు.
ఇంకోటి, ఇది మమ్మల్ని రెండు వారాలు తిప్పలు పెట్టింది. నోస్ పద్ధతిలో మామూలు క్లాసులో ఉత్త సెటప్ అని రాసిన మెథడ్‌ని పైటెస్ట్ 8 నుంచి పిలవదు. దానికదే ఎర్రర్ ఇవ్వదు, తర్వాత టెస్ట్ ఎక్కడో వింతగా పోతుంది. సెటప్ అండర్‌స్కోర్ మెథడ్ అని పేరు మార్చాలి.

వరంగల్_దేవ్:
అన్నా, మాక్ సంగతి తేలిగ్గ తీసుకోకు. 3.3 నుంచే అది పైథాన్‌ల ఉంది, వేరేగ ఇన్‌స్టాల్ చేసుడు అవసరమే లేదు. రెండూ కలిపి వాడితే అసలు తిప్పలు డీఫాల్ట్ (నువ్వు పెట్టిన రిటర్న్ వాల్యూనే ఇయ్యమని మాక్‌కి చెప్పే గుర్తు) దగ్గర వస్తది. సైడ్ ఎఫెక్ట్ ఫంక్షన్ (మాక్‌ని పిలిచినప్పుడు నడిచేది) ఒక లైబ్రరీ డీఫాల్ట్ రిటర్న్ చేస్తది, మాక్ ఆబ్జెక్ట్ ఇంకో లైబ్రరీది, అప్పుడు నువ్వు పెట్టిన రిటర్న్ వాల్యూ రాదు, ఆ డీఫాల్టే చేతికొస్తది. రెండూ వేరే వేరే ఆబ్జెక్టులు కదా. అన్నీ మార్చినంక కోడ్‌ల తప్పులు పట్టే రఫ్ టూల్‌ల బ్యాన్డ్ ఏపీఐ రూల్ పెట్టి వేరేగ ఇన్‌స్టాల్ చేసే మాక్, నోస్ రెండిట్నీ బ్యాన్ చెయ్, లేకపోతే నెలకే ఎవరో ఒకరు మళ్ళ తెస్తరు.

గోదారిగట్టు:
అవును, ఆ రూల్ తప్పకుండా పెట్టండి. ఇక నాలుగు ఫైళ్ళ విషయం: ప్రాజెక్ట్ సెట్టింగ్స్ ఉండే పైప్రాజెక్ట్ ఫైల్‌లో డిపెండెన్సీ గ్రూప్స్ కింద టెస్ట్ అని ఒకటే పెట్టండి. పెప్ 735 అనే పైథాన్ ప్రమాణంతో వచ్చింది, ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ టూల్ 25.1 నుంచి నేరుగా ఇన్‌స్టాల్ చేస్తుంది. ఎక్స్‌ట్రాస్‌లో (ప్యాకేజీ వాడేవాళ్ళు కావాలంటే ఇన్‌స్టాల్ చేసుకునే అదనపు లిస్టులో) పెడితే టెస్ట్ సామాను మీ ప్యాకేజీ వాడేవాళ్ళకి కూడా కనిపిస్తుంది, గ్రూప్ అలా బయటికి పోదు. టెస్ట్ ఫైల్ ఏది ఇంపోర్ట్ చేస్తే అది మీ లిస్టులో పేరుతో ఉండాలి, వేరే ప్యాకేజీ వెంట వచ్చింది కదా అని వదిలేస్తే ఆ ప్యాకేజీ దాన్ని మానేసిన రోజు మీ టెస్టులు పోతాయి. మీ ల్యాప్‌టాప్‌కీ సీఐకీ తేడా ఇదే అయ్యుంటుందని నా అనుమానం, ఖాళీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (వేరే ప్యాకేజీలేవీ లేని విడి పైథాన్ సెటప్‌లో) ఒకసారి నడిపి చూడండి.

పాతకోడ్_3.9:
చూశానండీ, అదే. రిక్వెస్ట్స్ అనే లైబ్రరీ మా లిస్టులో లేనే లేదు, ఇంకేదో తెచ్చిపెడుతోంది. అలాగే కొన్ని ఫైళ్ళలో ఇంపోర్ట్ ఆర్ స్కిప్ (మాడ్యూల్ లేకపోతే ఆ టెస్టుల్ని వదిలేసేది) ఉంది, అది ఉంచొచ్చా?

వరంగల్_దేవ్:
నిజంగ ఆప్షనల్ అయినవాటికే ఉంచు. సీఐల మాత్రం అన్నీ ఇన్‌స్టాల్ చేసి, పైటెస్ట్‌కి హైఫన్ ఆర్ఎస్ అనే ఆప్షన్ ఇచ్చి నడుపు, ఏది ఎందుకు స్కిప్ అయిందో చివర్ల లిస్ట్ వస్తది. పచ్చగ కనిపిస్తది గని లోపల టెస్ట్ నడవనే లేదంటే ఫెయిల్ అయినదానికన్నా అదే ఎక్కువ నష్టం.

పాతకోడ్_3.9:
ఇప్పుడే నడిపాను. పేమెంట్ మాడ్యూల్ టెస్టులు పందొమ్మిది స్కిప్‌లో ఉన్నాయి, ఎన్నాళ్ళ నుంచో. ఈరోజు వాటితోనే మొదలుపెడుతున్నా, ఇద్దరికీ చాలా థాంక్స్.